మ్యాట్ పరిచే వంతు

ఐలయ్య సార్ పోయిన రోజు మ్యాట్ తడిసే ఉంది. ఆదివారం పొద్దున్నే బడి మైదానానికి వెళ్ళి, కొబ్బరిపీచు మ్యాట్ పరిచి, బకెట్‌తో నీళ్ళు చల్లి, ఒక చివర మేకులు కొట్టి, రెండో చివరికి నడుస్తూ మధ్యలో కూర్చున్నారట. కూర్చున్నారనే పిల్లలు అనుకున్నారు. సార్ అలా కూర్చుని పిచ్ వైపు చూడటం వాళ్ళకు అలవాటే, అందుకే ఎవరూ దగ్గరికి పోలేదు. నాకు ఫోన్ వచ్చి, బోరబండ నుంచి నేను నానక్‌రామ్‌గూడ చేరేసరికి ఆయనను గోడ నీడలోకి చేర్చారు. మ్యాట్ మాత్రం అలాగే ఉంది, ఒక వైపు మేకులతో, ఒక వైపు వదులుగా. నేను ఆయన ముఖం కన్నా ముందు ఆ వదులు చివరనే చూశాను, ఎందుకో తెలియదు. బడిలో ఆటలు నేర్పే ఆయనను అందరూ ఐలయ్య సార్ అనేవారు. అదే బడిలో తెలుగు చెప్పే నేను కూడా, ఆయన భార్యనైనా, బడిలో ఐలయ్య సార్ అనేదాన్ని. ఇంట్లో ఏమీ అనేదాన్ని కాదు. ఇప్పుడు ఇంట్లో కూడా ఐలయ్య సార్ అనే అనుకుంటున్నాను. తలుచుకోవడానికి ఇంకో పేరు నా దగ్గర లేదు.

ఈ హోటల్ నేల కూడా తడిసినట్టే ఉంది. తడి కాదు, రాయి మెరుపు. కాలు పెట్టేటప్పుడు జారుతుందేమోనని చూసి పెట్టాను. హైటెక్ సిటీ స్టేషన్‌లో రైలు దిగి ఆటోలో పది నిమిషాలు కూడా పట్టలేదు, ఇన్నేళ్ళు ఈ దారిలోనే బడికి పోతూ ఈ హోటల్ ముందు నుంచి షేర్ ఆటోలో ఎన్నిసార్లు వెళ్ళానో, లోపలికి రావడం మాత్రం ఇదే మొదలు. సోఫా చాలా మెత్తగా ఉంది, అందుకని అంచున కూర్చున్నాను. ఎదురుగా మూడు లిఫ్టులు. వాటిలో ఏదో ఒకదాంట్లోంచి కృష్ణప్రియ దిగాలి. ముప్పై ఏడేళ్ళ వయసులో, తీసేసిన ఏడేళ్ళకు, మళ్ళీ ఇండియా క్రికెట్ జట్టులోకి వచ్చిన కృష్ణప్రియ. మా బడి పిల్ల. ఐలయ్య సార్ చేతిలో బంతి పట్టడం నేర్చుకున్న పిల్ల. రేపు సాయంత్రం ఉప్పల్‌లో మ్యాచ్. జట్టు మీటింగ్ అయిపోగానే కిందికి వస్తానంది. వచ్చేటప్పుడు టోపీ తెమ్మంది. నా సంచిలో సర్వపిండి డబ్బా ఉంది. టోపీ లేదు. టోపీ నా సంచిలోనే కాదు, ఎక్కడా లేదు. ఆ మాట ఆమెకు ఇంకా చెప్పలేదు, ఫోన్‌లో చెప్పే మాట కాదనుకుని వచ్చాను. ఇప్పుడు ఎదురుగా చెప్పే మాట కూడా కాదనిపిస్తోంది. కాని రేపటి లోపు చెప్పి తీరాలి.

గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను సంచి మిషన్‌లో పెట్టించి, డబ్బా తీయించాడు. "ఏందమ్మా ఇది?" అన్నాడు. సర్వపిండి అన్నాను. మూత తీసి చూసి, వాసన పట్టి, "నువ్వులు గట్టిగనే ఏసిండ్రు," అన్నాడు. "లోపట తినొద్దమ్మా, బయటి తిండి బంద్. చేతిల పట్టుకొని కూసోండ్రి, ఎవ్వలేమనరు." ఏ ఊరు అని అడిగితే వనపర్తి అన్నాడు. ఎవరి కోసం వచ్చారని అతను అడిగితే చెప్పాను. "పుర్రచేతి ఆమెనా? పొద్దున బస్సు దిగంగ చూసిన. అందరు చెవులల్ల వైర్లు పెట్టుకొని పోయిండ్రు, ఆమె ఒక్కతే నమస్తే అన్న అన్నది." మా వైపు ఎడమచేతిని పుర్రచెయ్యి అంటారు. కృష్ణప్రియ తల్లి బుచ్చమ్మ కూడా ఆ మాటే తిట్టులాగా అనేది. రాళ్ళు కొట్టే పని కోసం పాలమూరు నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. అప్పటికి నానక్‌రామ్‌గూడలో ఇన్ని టవర్లు లేవు, టవర్ల కోసం పగలగొట్టాల్సిన బండలు ఉండేవి. పిల్ల ఎడమచేత్తో అన్నం తింటోందని, ఆ చెయ్యి వెనక్కి కట్టేసి కూర్చోబెట్టింది ఒకరోజు. సెలవుల తరువాత బడి మానేసిన పిల్లలను వెతుకుతూ పోయిన ఐలయ్య సార్ అది చూశారు. అదే పిల్ల ఆ ముందురోజు మా బడి గోడ మీది కాకిని రాయితో కొట్టడం కూడా ఆయన చూశారు. "బుచ్చమ్మా, బువ్వ కుడిచేత్తోనే తినిపియ్యి, నేనేమన. ఆ పుర్రచెయ్యి మాత్రం నాకియ్యి," అన్నారట. "చెయ్యి ఇచ్చి నేనేం జెయ్యాలె సారూ, మనిషినే తీస్కపో, ఇంట్ల ఒక్క పని జెయ్యదు," అందట బుచ్చమ్మ. ఆ సంగతి ఇంటికి వచ్చి నాకు చెప్పి ఆయన చాలాసేపు నవ్వారు. ఆయన నవ్వితే భుజాలు కదిలేవి, చప్పుడు వచ్చేది కాదు.

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. ఎవరో విదేశీయులు. చక్రాల పెట్టె లాక్కుంటూ పోయారు. ఆ చక్రాల చప్పుడు కూడా వినపడనంత నునుపు ఈ నేల. మా మైదానంలో నేల మీద బంతి ఎటు పోతుందో బంతికే తెలియదు, అందుకే మ్యాట్. పాతబస్తీలో ఏదో క్లబ్బు వాళ్ళు పారేస్తుంటే ఆయన ఆటోలో వేసుకొచ్చారు. ఎండు మ్యాట్ ముడతలు పడుతుంది, బంతి ముడత మీద పడితే పిల్లల ముఖానికి తగులుతుంది, కాబట్టి ముందు తడపాలి, తడిసినప్పుడు లాగాలి, లాగినప్పుడే మేకులు కొట్టాలి. ఒక్కరే చేస్తే నడుము విరిగే పని. ఎవరు చేయాలన్నదానికి ఆయన ఒకటే నియమం పెట్టారు. మానేసి వచ్చినవాళ్ళు పరవాలి. జ్వరం కావచ్చు, పెళ్ళి కావచ్చు, అలక కావచ్చు, కారణం అడిగేవారు కాదు. వచ్చినవాళ్ళు ఒక్కరే మ్యాట్ పరిచి, ఆ తరువాతే బంతి ముట్టుకోవాలి. ఎవరూ మానని రోజు ఆయన పరిచేవారు. నేను ఒకసారి ఇదేం శిక్ష అని అడిగాను. శిక్ష కాదు, అన్నారు. పోయి వచ్చినోళ్ళకు నలుగురిలో ఎట్ల కలవాలో తెలియదు, ఒక పని చేతిల పెడితే కలుస్తరు, అన్నారు. కృష్ణప్రియ ఇండియాకు మొదటిసారి ఆడి వచ్చినప్పుడు టీవీ వాళ్ళు వెంట వచ్చారు. మైదానంలోకి రాగానే ఆయన అన్న మొదటి మాట, "మ్యాట్ ఎవరు పరుస్తరు?" కెమెరా అతను, "సార్, ఫోటో తీసినంక పరవనీయండి," అన్నాడు. "ఫోటో దేని మీద దిగుతది మరి? పరవనీ," అన్నారు ఈయన. ఆమె అప్పటికే బకెట్ తీసుకుని నల్లా దగ్గరికి పోయింది. కొత్త ట్రాక్ ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది. పేపర్లో ఆ ఫోటోనే వచ్చింది.

ఆ రోజే సాయంత్రం మా ఇంటికి వచ్చి టోపీ ఇచ్చింది. నీలం రంగు టోపీ, ముందు బొమ్మ, కింద ఆమె నంబరు. జట్టులోకి ఎన్నో ఆటగత్తెగా వచ్చిందో చెప్పే నంబరు, ఎప్పటికీ మారదట. టోపీని రెండు చేతుల్తో పట్టుకుని ఆయన తలకు పెట్టింది. ఆయనకు కొంచెం చిన్నదైంది, కుడిపక్కకు వాలింది. "ఇది మీ దగ్గరనే ఉండనీయండి సార్. ఆడేటప్పుడు వచ్చి తీస్కపోత," అంది. మాటవరసకు అందనుకున్నాను. కాని అలాగే చేసింది. ప్రతి సిరీస్‌కు ముందు వచ్చి ఆయన చేతిలోంచి తీసుకునేది, అయిపోగానే తెచ్చి ఇచ్చేది. తలుపు వెనక మేకు ఒకటి దానికోసమే. చెమట మరకలు ఆయనే కడిగి, నీడలో బోర్లించి ఆరబెట్టేవారు. నా పట్టుచీరకు లేదు ఈ మర్యాద, అన్నాను ఒకసారి. "నీ చీర ఇండియాకు ఆడిందా?" అన్నారు.

పక్క సోఫాలో ఇద్దరు కాఫీ తాగుతున్నారు, మెడలో కంపెనీ కార్డులు, గోడ మీది టీవీలో కృష్ణప్రియ ఫోటో, దాని కింద వయసు. వయసు అంకెలు ఫోటో కన్నా పెద్దవి. "ఈ ఏజ్‌లో ఎందుకు తీసుకున్నారండీ ఆవిడని?" అన్నాడు ఒకతను. "ఇంకెవరూ దొరకలేదేమో." రెండో అతను, "అబ్బే, మంచు అండీ. ఈ సిరీస్ అంతా నైట్ మ్యాచ్‌లు కదా, బాల్ తడిసిపోతే మన స్పిన్నర్లకి గ్రిప్ ఉండట్లేదు. ఈవిడ డొమెస్టిక్ ఫైనల్లో తడి బాల్‌తో వేసిందట." "వేసింది సరేనండీ, బౌండరీ దగ్గర వంగగలదా?" ఇద్దరూ నవ్వుకున్నారు. చెడ్డ నవ్వు కాదు. నేను కూడా ఏడేళ్ళు అలాగే అనుకున్నాను, నవ్వలేదు అంతే. భుజానికి ఆపరేషన్ అయ్యాక జట్టులోంచి తీసేశారని తెలిసిన మర్నాడు ఆమె బడికి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే బకెట్ తీసుకుంది. మ్యాట్ పరిచింది. ఆయన మిగిలిన నీళ్ళలో బంతి ముంచి ఆమె చేతికిచ్చారు. "ఇట్ల ఎయ్యి," అన్నారు. బంతి జారి నేరుగా నా కిటికీకి తగిలింది, నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. అప్పటి నుంచి, రైల్వేలో ఆమె ఉద్యోగం, డ్యూటీ లేని రోజుల్లో వచ్చేది, అదే బకెట్, అదే తడి బంతి. రాత్రి ఆటలు పెరుగుతయి, మంచుల బంతి పట్టేటోళ్ళు కావాలె, పిలుస్తరు, అనేవారు ఆయన. టీవీలో కొత్త పిల్లలు బంతిని టవల్‌తో తుడుస్తుంటే, ఆయన ఏమీ అనకుండా నా వైపు చూసేవారు. నేను దాన్ని వాళ్ళిద్దరి కాలక్షేపం అనుకున్నాను. పని లేనప్పుడు మనిషి మనసు పెట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కదా అనుకున్నాను. పెళ్ళి చేసుకోమని చెప్పండి దానికి, అని కూడా అన్నాను ఒకటి రెండు సార్లు. అది చేసుకుంటనంటే నేను వద్దంటనా, అనేవారు, బంతి తుడుచుకుంటూ.

ఏసీ చల్లగా ఉంది. కొంగు కప్పుకున్నాను. ఆ రోజు ఇంటి ముందు నీళ్ళు పోసి స్నానం చేయించేటప్పుడు కూడా, ఎండాకాలమే అయినా, నీళ్ళు చల్లగా ఉన్నాయేమో అనుకున్నాను. ఆయన తమ్ముడు స్వామి జీడిమెట్ల నుంచి కంపెనీ బట్టల్లోనే వచ్చాడు, అన్నీ అతనే చూశాడు. తెల్లబట్ట కప్పాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "వదినె, అన్నకు పాణమైనయి ఏమన్న ఉంటె తెండి. ఎంబడి పంపుదాం." మా వాళ్ళలో అది ఉంది. మా మామకు చుట్టల కట్ట పెట్టారు, మా అత్తకు వక్కల సంచి. మనిషికి ఇష్టమైనది మనిషితో పోవాలి, ఇంట్లో ఉంటే దానికోసం వెనక్కి చూస్తారని. నేను లోపలికి పోయి ఒక్క నిమిషం కూడా వెతకలేదు. ఆయన మైదానంలో ఊదే ఈల తీసుకున్నాను. తలుపు వెనక మేకు మీదినుంచి టోపీ తీసుకున్నాను. ఆ సమయంలో నాకు ఏడుపు కూడా లేదు, చేతులు వాటి పని అవి చేశాయి. కృష్ణప్రియది కదా అని ఒక్క క్షణం ఆగానేమో అని తరువాత చాలాసార్లు వెతుక్కున్నాను. ఆగలేదు. ఆమెకు ఇక దానితో పని లేదని నాలో ఎక్కడో తేలిపోయి ఉంది, అంత నిశ్చయంగా తేలిపోయింది కాబట్టే ఆలోచన రాలేదు. స్వామి టోపీని నిటారుగా పెట్టాడు. నేను వంగి కుడిపక్కకు వాల్చాను. అప్పుడు ఆయనలా కనిపించారు.

ఆ రోజుల్లో ఆమె ఎక్కడో గువాహటిలో మ్యాచ్‌లు ఆడుతోంది, రాలేకపోయింది. పదకొండో రోజుకు వచ్చింది. తలుపు వెనక చూడటం నేను చూశాను. టోపీ లేదు, అక్కడ ఆయన ఫోటో పెట్టి దండ వేశాం. బీరువాలో దాచి ఉంటారనుకుంది కాబోలు, అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని, అప్పుడు అది పెద్ద మాట కాదు. ఆ తరువాత నెల తిరగకముందే ఫోన్ వచ్చింది. నేను మార్కులు వేస్తున్నాను. "మేడం, పేరొచ్చింది," అంది. ఏ పేరు అన్నాను. నిజంగానే తెలియక అడిగాను. "నా పేరే మేడం. ఇండియాకు." వెనక రైలు అనౌన్స్‌మెంట్ వినపడుతోంది. "టోపీ మీరు తీస్కరాండ్రి హోటల్‌కు. మమ్ములను బయటికి పోనియ్యరు. సార్ లేడు గద, మీ చేతుల నుంచి తీసుకుంట," అంది. సరే అన్నాను. అన్నాక పెన్ను మూత పెట్టడం మరిచిపోయి కాగితం మీద ఎర్ర సిరా మరక పడింది, ఎవరి కాగితమో, ఆ పిల్లకు తప్పులేని జవాబు మీద.

బోర్డు వాళ్ళు కొత్త టోపీ ఇస్తారు. అదే రంగు, అదే నంబరు. వస్తూ రైలులో ఇదే మొదట చెప్పాలనుకున్నాను. తరువాత అది సాకులా ఉంటుందనిపించి తీసేశాను. సార్‌కు ప్రాణం కదా అని మొదలుపెడదామనుకున్నాను. అది నిజమే కాని సగం. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు వాక్యాలు దిద్దుతున్న మనిషిని, ఒక్క వాక్యం కుదరలేదు.

లిఫ్ట్ తెరుచుకుంది. నీలం ట్రాక్ సూట్, ఎడమ భుజం మీద తెల్లటి పట్టీ మెడ దగ్గర కొంచెం బయటికి కనపడుతోంది. పక్క సోఫా వాళ్ళు మాట ఆపారు. ఆమె నేరుగా వచ్చి నా కాళ్ళకు దండం పెట్టి, నేను లేపేలోపే పక్కన కూర్చుంది.

"సర్వపిండి వాసన లిఫ్టులకే వచ్చింది మేడం. లోపటికెట్ల రానిచ్చిండ్రు?"

"తినొద్దన్నడు. పట్టుకొని కూసోమన్నడు."

"నేను తింట. నన్నేమంటడు, రేపు ఆట నాదే." నవ్వింది. కళ్ళ కింద గీతలు ఉన్నాయి. ఇంత దగ్గరగా చూసి చాలా రోజులైంది. ఎడమచేతిని ప్యాంటుకు తుడుచుకుని, రెండు చేతులూ కలిపి నా ముందు చాపింది. ఆయన ముందు ఎప్పుడూ అలాగే చాపేది.

"ప్రియా, టోపీ లేదు," అన్నాను.

"ఇంట్లనే ఉండిపాయెనా? పొద్దుగాల ఎవ్వరితోనన్న..."

"ఇంట్ల లేదు. సార్ తలకు పెట్టి పంపిచ్చినం."

చేతులు అలాగే ఉన్నాయి. అర్థమయ్యాక మెల్లగా ఒళ్ళోకి తీసుకుంది. టీవీలో ఎవరో ఆమె భుజం గురించే మాట్లాడుతున్నారు, చప్పుడు లేదు, కింద అక్షరాలు పోతున్నాయి. ఆమె ఆ అక్షరాలు చదివింది. అవి అయిపోయేదాకా చదివి, నా వైపు తిరిగింది.

"నేను అయిపోయిన అనుకున్నరా మేడం?"

రైలులో కూర్చిన మాటలు ఏవీ గుర్తు రాలేదు. "అవును," అన్నాను. "నేను అనుకున్న. సార్ అనుకోలే."

తల ఊపింది. డబ్బా మూత తీసి ఎడమచేత్తో ఒక ముక్క విరిచి, తినబోతూ, ఎవరూ ఏమీ అనకుండానే కుడిచేతిలోకి మార్చుకుంది. నమిలింది. చాలాసేపు నమిలింది. "సక్కగ పెట్టిండ్రా, వంకరగనా?" అంది.

"స్వామి సక్కగ పెట్టిండు. నేను వంకరగ జేసిన."

"మంచిగైంది." ఆ మాటలో ఎంత ఆయనకో, ఎంత నాకో తెలియలేదు. లిఫ్ట్ దగ్గర నుంచి ఎవరో అమ్మాయి దీదీ అని పిలిచింది, చేతి గడియారం చూపించింది. ఆమె లేచింది. డబ్బా చంకలో పెట్టుకుంది. కొత్త టోపీ పొద్దున ఇస్తరట, అంది. అయిపోయినంక తెస్త, మేకు ఖాళీ చెయ్యండ్రి, ఫోటో పక్కకు జరపండ్రి, అంది. సరే అన్నాను. రెండడుగులు వేసి ఆగింది.

"మ్యాట్ ఎవ్వలు పరుస్తుండ్రు మేడం ఇప్పుడు?"

"ఎవ్వలు లేరు. పిల్లలు సిమెంట్ మీద ఆడుకుంటుండ్రు."

"మీరు గ్రౌండ్ దిక్కు పోతలేరా?"

"పోతలే."

"బడికి పోతుండ్రు గద?"

"బడికి పోతున్న."

నా వైపు చూసింది. మానేసి వచ్చిన పిల్లను సార్ ఎలా చూసేవారో అలాగే చూసింది. కోపం కాదు, జాలి కాదు, బకెట్ ఎక్కడుందో చూపించే చూపు. "రూల్ మీకు గూడ ఎరుకనే గద," అని లిఫ్ట్ ఎక్కింది.

సెక్యూరిటీ అతను తలుపు తీసి, డబ్బా ఏది అని కళ్ళతో అడిగాడు. తీస్కపోయింది అన్నాను. బయట ఎండ ఇంకా ఉంది. మా బడి ఇక్కడికి షేర్ ఆటోలో దగ్గరే. మ్యాట్ ఆటసామాను గదిలో గోడకు ఆనించి ఉంది. ఆ రోజు ఎవరో తడిమీదే చుట్టేశారు, లోపల బూజు పట్టి ఉంటుంది. మేకులు డబ్బాలో ఉన్నాయి, సుత్తి కిటికీలో ఉంది, గది తాళం చెవి నా తాళాల గుత్తిలోనే ఉంది. ఆయన పోయాక నేను బడికి తిరిగి వచ్చాను. మ్యాట్ ఇంకా పరచలేదు.